డెస్డిమోనాకు పంచాయితీ ఏది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డిగ్రీ కళాశాలల్లో మన తండాల పిల్లలు, గూడేల పిల్లలు ఇప్పుడు ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నారు. వాళ్ళలో చాలామంది తమ ఇంటి నుంచి డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం. శాతవాహన విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చునే సాహిత్య విద్యార్థికి షేక్స్‌పియర్ ఎక్కడో ఒకచోట ఎదురవుతాడు. గైడులో జవాబు తయారుగా ఉంటుంది: నాయకుడు గొప్పవాడు, అతనిలో ఒక లోపం ఉంది, ఆ లోపం వల్ల పతనమయ్యాడు. ఒథెల్లో లోపం అనుమానం. లియర్ లోపం తొందరపాటు. హామ్లెట్ లోపం తాత్సారం. ఇది రాస్తే మార్కులు పడతాయి.

మేము అడిగేది ఒక్కటే. ఆ జవాబులో చచ్చిపోయిన ఆడమనిషి ఎక్కడుంది? డెస్డిమోనా, ఎమీలియా, ఒఫీలియా, కార్డీలియా, మాల్ఫీ రాణి... వీళ్ళందరి చావూ ఆ మగవాడి కథలో ఒక ఘట్టంగానే మిగిలిపోయింది. అతని పతనానికి అధ్యాయం దొరికింది, ఆమె ప్రాణానికి ఒక పేరా కూడా దొరకలేదు.

400 ఏళ్ళ కిందటి ఇంగ్లండు నాటకాలతో తండాకేమి పని అని అడిగేవాళ్ళున్నారు. పని ఉంది. ఆడదాని మీద నింద ఎలా పుడుతుంది, నింద నుంచి తీర్పు ఎలా వస్తుంది, ఆ తీర్పు ఇచ్చే చోట ఆడమనిషి నోరు ఎలా మూతపడుతుంది అనే వరుసను ఈ నాటకాలు విప్పి చూపించినంత స్పష్టంగా చాలా పుస్తకాలు చూపించవు. ఆ వరుస మనకు కొత్తది కాదు.

ఆ కాలం, ఆ చట్టం

సాంస్కృతిక పునరుజ్జీవన కాలం అంటే మానవుడు మేలుకున్న కాలమని పాఠాల్లో చెబుతారు. మేలుకున్న ఆ మానవుడు ఎక్కువగా మగవాడే. ఇంగ్లండులో అప్పటి న్యాయం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి భర్తకు వేరుగా చట్టంలో ఉనికి లేదు. ఆమె తెచ్చుకున్న డబ్బూ సొమ్మూ భర్తవే అయ్యేవి. 1352 నాటి ఒక చట్టం భార్య భర్తను చంపితే దాన్ని మామూలు హత్యగా కాక ఒక రకం ద్రోహంగా లెక్కించింది. రాజుపై తిరుగుబాటు ఎలాంటిదో ఇంట్లో భర్తపై తిరుగుబాటు అలాంటిదే అన్నమాట. భర్త భార్యను చంపితే అది ఉత్త హత్య. భర్తను చంపిన భార్యకు శిక్ష సజీవ దహనం. 1551లో ఫేవర్‌షామ్ అనే ఊళ్ళో భర్తను చంపించిన ఆలిస్ ఆర్డెన్‌ను అలాగే కాల్చి చంపారు. ఆ సంఘటన మీద వచ్చిన నాటకం 1592లో అచ్చయింది. రాసిందెవరో పుస్తకం మీద పేరు లేదు. ఆ చట్టంలోని ఈ తేడా 1828 దాకా పోలేదు.

రంగస్థలం సంగతి మరీ విచిత్రం. షేక్స్‌పియర్ రాసిన ఆడపాత్రలన్నిటినీ ఆడింది అబ్బాయిలే. ఇంగ్లండు వృత్తి నాటకాల్లోకి ఆడవాళ్ళు వచ్చింది 1660లో. ఆ ఏడాది డిసెంబరులో వేదికెక్కిన మొదటి వృత్తి నటి వేసిన వేషం డెస్డిమోనాదే అని నాటక చరిత్రకారులు చెబుతారు. అంటే షేక్స్‌పియర్ కాలంలో డెస్డిమోనా బాధను రాసింది మగవాడు, పలికింది మగపిల్లవాడు.

దీన్ని చూసి మనం నవ్వుకోనవసరం లేదు. తెలుగు నాటకరంగంలోనూ స్థానం నరసింహారావు వంటి మగ నటులు స్త్రీ పాత్రలకు పేరు మోశారు. గౌరవమైన ఇంటి ఆడది వేదికెక్కదు అనే మాట తెలుగు నేల మీద చాలాకాలం నడిచింది. ఆ మాటను లెక్కచేయకుండా ఆడవాళ్ళను ఆడించింది ఎవరు? 1885లో మొదలైన సురభి కుటుంబాలు. మన పక్క నిజామాబాదు జిల్లాలో చిందు ఎల్లమ్మ వంటి దళిత కళాకారిణులు. పెద్దకులాల గౌరవం నుంచి బయట ఉన్నచోటే ఆడమనిషికి వేదిక ముందు దొరికింది. కింది కులాల కళ అని తక్కువ చూసినవాళ్ళకు ఈ లెక్క తెలియదు.

రెండు పంచాయితీలు

ఒథెల్లో నాటకాన్ని మేము రెండు పంచాయితీల కథగా చదువుతాం. ఈ నాటకం 1604 నవంబరు 1న రాజు కొలువులో ఆడినట్టు రికార్డు ఉంది.

మొదటి అంకంలో వెనిస్ నగర పెద్దల సభ జరుగుతుంది. నల్లజాతి సేనాని ఒథెల్లో, తెల్లజాతి ధనికుడు బ్రబాన్షియో కూతురు డెస్డిమోనా చాటుగా పెళ్ళి చేసుకున్నారు. తండ్రి సభకు వచ్చి ఫిర్యాదు చేస్తాడు. ఫిర్యాదేమిటి? నా కూతురికి మందు పెట్టాడు, మంత్రం వేశాడు, లేకపోతే ఇలాంటివాణ్ణి ఎలా కోరుకుంటుంది అని. ఒథెల్లో ఒక మాట అంటాడు: ఆమెను పిలిపించండి, ఆమె నోటితోనే వినండి. పిలిపిస్తారు. ఆమె నిండు సభలో నిలబడి మాట్లాడుతుంది. నన్ను పెంచినందుకు తండ్రికి రుణపడి ఉన్నాను, నా తల్లి తన తండ్రిని దాటి మీకు ఎలా చెందిందో నేనూ అలాగే నా భర్తకు చెందుతాను అని వివరిస్తుంది. సభ వింటుంది, ఒప్పుకుంటుంది.

అయితే ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. ఆమె మాట గెలిచినట్టే ఉంది కానీ ఆమె చెప్పింది తండ్రి చేతి నుంచి భర్త చేతికి మారానని. నేను నాకు చెందుతాను అనే మాటకు ఆ సభలో చోటు లేదు. పైగా యుద్ధం ముంచుకొచ్చింది, సేనాని అవసరం పడింది. అందుకే తీర్పు తొందరగా, అనుకూలంగా వచ్చింది. తండ్రి పోతూ పోతూ ఒక మాట విసురుతాడు: తండ్రిని మోసం చేసింది, నిన్నూ మోసం చేయగలదు. మూడో అంకంలో ఇయాగో ఒథెల్లో చెవిలో పోసిన విషంలో సగం ఈ తండ్రి మాటే. సొంత ఇష్టంతో పెళ్ళి చేసుకోవడమే ఆమె శీలానికి వ్యతిరేక సాక్ష్యమైపోయింది. ప్రేమ పెళ్ళి చేసుకున్న మన ఆడపిల్లకు అత్తవారింట్లో తర్వాతి గొడవలో వచ్చే మొదటి మాట ఇదే కదా! కన్నవాళ్ళను కాదని వచ్చినదానివి, నిన్నెట్లా నమ్మాలె?

రెండో పంచాయితీ అయిదో అంకంలో పడకగదిలో. అక్కడ పెద్దలు లేరు, దీపం ఉంది, మంచం ఉంది. ఫిర్యాదుదారు ఒథెల్లో, సాక్షి ఒథెల్లో, తీర్పరి ఒథెల్లో, తలారి ఒథెల్లో. సాక్ష్యం ఒక చేతిరుమాలు. అది కింద పడితే ఎమీలియా తీసి భర్త ఇయాగోకు ఇచ్చింది, అతను దాన్ని కాసియో గదిలో వేశాడు. డెస్డిమోనా అడిగేది మొదటి అంకంలో ఒథెల్లో అడిగిందే: కాసియోను పిలిపించండి, అతన్నే అడగండి. అతని నోరు మూసేశామని ఒథెల్లో జవాబు. తనకు నింద వచ్చినప్పుడు సాక్షిని పిలవమన్న మనిషి, భార్యకు నింద వచ్చినప్పుడు సాక్షిని చంపించమన్నాడు. నాటకం అంతా ఈ రెండు సభల మధ్య దూరంలో ఉంది. అసూయ అనే లోపం గురించి పేజీలు రాసే గైడు ఈ సంగతి చెప్పదు.

ఒథెల్లో మనవాడా?

మన యువకులు ఈ నాటకం చదివితే ముందు ఒథెల్లోతోనే కలిసిపోతారు. అది సహజం. యుద్ధానికి కావాలి, పెళ్ళికి వద్దు. ఇంటికి పిలిచి అతని సాహసాల కథలు విన్న పెద్దమనిషే, కూతురిని ఇష్టపడ్డాడనగానే మంత్రగాడన్నాడు. రంగు పేరుతో, జంతువుల పేర్లతో తిట్లు. చదువులో, కొలువులో అన్నీ సంపాదించుకున్నా నీ పుట్టుక ఏమిటో గుర్తుచేసే ఒక చూపు మన వెనకాల ఎప్పుడూ ఉంటుంది. ఆ చూపు తగిలినవాడికి ఒథెల్లో గురించి ఎవరూ చెప్పనక్కరలేదు.

కాని మన యువకుడు అక్కడే ఆగిపోతే డెస్డిమోనా రెండోసారి చస్తుంది. ఒథెల్లోకు జరిగిన అవమానం నిజం. ఆ అవమానాన్ని అతను ఎవరి మీద దింపుకున్నాడు? తనను మంత్రగాడన్న బ్రబాన్షియో మీద కాదు. తన రంగును అడ్డం పెట్టుకుని అనుమానం నాటిన ఇయాగోను అతను నిజాయితీపరుడని నమ్మాడు. తనను తానుగా ప్రేమించిన ఒక్క మనిషి మీద దింపుకున్నాడు. పైనుంచి పడిన దెబ్బ కిందికి జారి ఆడదాని మీద ఆగింది. ఇది ఒక్క ఒథెల్లో కథ కాదు. అడవి అధికారి దగ్గర, షావుకారి దగ్గర, దళారి దగ్గర తల వంచుకొచ్చినవాడు ఇంట్లో చెయ్యెత్తితే, అతని కష్టం నిజమే, అతని చెయ్యి మాత్రం నేరమే. రెండూ ఒకేసారి చెప్పడం నేర్చుకోవాలి. ఒకటి చెబితే రెండోది అబద్ధమైపోదు.

మన ప్రాంతంలో దీనికి ఇంకొక ముఖం ఉంది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి ఎన్నో ఇళ్ళ మగవాళ్ళు దుబాయి, మస్కట్, సౌదీ పోతారు. ఇంటిదగ్గర భార్య బీడీలు చుట్టుకుంటూ, పొలం చూసుకుంటూ, అప్పు కట్టుకుంటూ ఉంటుంది. ఒక ఫోను వస్తుంది: నీ ఇంటికి ఫలానావాడు వచ్చిపోతున్నడట. అంతే. ఆ చెప్పినవాడు రుమాలు కూడా చూపించనక్కరలేదు. ఇయాగో గొప్పతనమల్లా అదే, అతను ఎక్కువ అబద్ధాలు చెప్పడు. ఒక మాట అని ఆగుతాడు. ఒక మౌనం పాటిస్తాడు. మిగతా కథ భర్తే అల్లుకుంటాడు, ఎందుకంటే ఆడది మోసం చేస్తుందనే ముడిసరుకు అతనికి సమాజం ముందే ఇచ్చి పెట్టింది. ఇయాగో లేకపోయినా ఆ సరుకు ఉంటుంది. సరుకు లేకపోతే ఇయాగో ఏమీ చేయలేడు.

మంత్రాల నెపం కూడా ఇలాంటిదే. బ్రబాన్షియో మాట వెనిస్ సభలో నిలవలేదు, ఎందుకంటే సభ రుజువు అడిగింది. మన జిల్లాల్లో చేతబడి చేశారన్న అనుమానంతోనే మనుషుల ప్రాణాలు పోయిన ఘటనలు జరిగాయి. రుజువు అడిగే సభ అక్కడ లేకపోయింది. మన మీద ఇతరులు వేసే నింద మనకు అన్యాయంగా కనిపిస్తే, మనలో మనం వేసుకునే నింద కూడా అలాగే కనిపించాలి.

పాటలో దాచిన మాట

నాలుగో అంకం చివర ఒక చిన్న రంగం ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు, రాత్రి, పక్క సర్దుకుంటున్నారు. డెస్డిమోనా ఒక పాట పాడుకుంటుంది. అది తన తల్లి దగ్గర పనిచేసిన దాసి పాట. ప్రేమించినవాడు వదిలేస్తే ఆ దాసి ఆ పాట పాడుతూనే చనిపోయింది. నన్ను ఎందుకు అనుమానిస్తున్నావని భర్తను నిలదీయలేని మనిషి, తన బాధను ఒక పనిమనిషి పాటలో పెట్టుకుంది. హామ్లెట్‌లో ఒఫీలియాదీ అదే గతి. తండ్రి చెప్పినట్టు, అన్న చెప్పినట్టు నడుచుకుంది, యువరాజు మనసు తెలుసుకోవడానికి వాళ్ళు వేసిన ఎర అయింది. పిచ్చి పట్టిన తర్వాతే ఆమెకు తన మాట దొరికింది, అదీ పాటల్లో.

లంబాడా ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. పెళ్ళికూతురు పుట్టింటిని విడిచిపోయేటప్పుడు పాడే ఢావ్‌లో వినండి. అది ఏడుపు, అది ఫిర్యాదు కూడా. తండ్రినీ అన్ననూ తండానూ పేరు పేరునా పిలిచి అడుగుతుంది. అదే మాట ఆమె మామూలుగా అంటే పెద్దలు ఊరుకోరు. పాటగా పాడితే అందరూ కళ్ళొత్తుకుంటారు, ఎవరూ నిర్ణయం మార్చుకోరు. ఆడవాళ్ళ పాట మన సంపద అని మనం గర్వపడతాం, పడాలి. దాంతోపాటు ఇంకొకటి అడగాలి: ఆ మాట పాటలోనే ఎందుకు ఉండిపోయింది?

అదే రంగంలో ఎమీలియా మాట్లాడుతుంది. భర్తలు తప్పు చేస్తే భార్యలూ తప్పు చేస్తారు, భర్తల్లాగే భార్యలకూ చూపు ఉంది, రుచి ఉంది, కోరిక ఉంది, లోపమూ ఉంది, మాతో వాళ్ళు ఎలా ఉంటే అలాగే నేర్చుకుంటాం అని ఆమె వాదన. ఆమె రాణి కాదు, ఊడిగం చేసే మనిషి. అయిదో అంకంలో నిజం బయటపెట్టింది కూడా ఆమే. ఇంటికి పో, నోరు మూసుకో అని భర్త గదిస్తాడు. భర్త మాట వినడం పద్ధతే గాని ఈసారి వినను అని చెప్పి, అందరిముందూ మాట్లాడుతుంది. భర్త కత్తితో పొడుస్తాడు. మేము ఈ నాటకంలో తీర్పు ఇచ్చిన మనిషి ఎవరంటే ఎమీలియా అంటాం. పెద్దలు తర్వాత వచ్చి ఆమె చెప్పింది రాసుకున్నారు, అంతే.

చివరికి ఏం జరిగిందో కూడా చూడండి. ఒథెల్లో తన గురించి ఎలా చెప్పుకోవాలో తానే చెప్పి పొడుచుకుంటాడు. అతని ఆస్తి డెస్డిమోనా తండ్రి సోదరుడికి పోతుంది. పదవి కాసియోకు పోతుంది. చనిపోయేటప్పుడు ఎమీలియా ఒక్కటే కోరింది, తన దొరసాని పక్కన పడుకోబెట్టమని. ఆమె కోసం ప్రసంగం చేసినవాడు లేడు.

అన్నదమ్ముల పరువు

జాన్ వెబ్‌స్టర్ రాసిన 'మాల్ఫీ రాణి' నాటకం 1613, 1614 ప్రాంతంలో ఆడారు, 1623లో అచ్చయింది. ఇటలీలో 16వ శతాబ్దం మొదట్లో నిజంగా జరిగిన కథ దాని మూలం. రాణి యువతి, వితంతువు. మళ్ళీ పెళ్ళి చేసుకోవద్దని ఇద్దరు అన్నదమ్ములు ఆజ్ఞ పెడతారు. ఆమె తన దగ్గర లెక్కలు చూసే ఆంటోనియోను తానే అడిగి చాటుగా పెళ్ళి చేసుకుంటుంది. పిల్లలు పుడతారు. గూఢచారి ద్వారా సంగతి తెలుసుకుని అన్నదమ్ములు ఆమెను బంధించి, పిచ్చివాళ్ళను ఇంట్లో వదిలి, మైనపు బొమ్మలను భర్తాబిడ్డల శవాలుగా చూపించి హింసిస్తారు. చివరికి ఉరి బిగించి చంపిస్తారు.

వాళ్ళు నోటితో చెప్పేది రక్తం, వంశం, పరువు. ఆమె చచ్చాక ఫెర్డినాండ్ తన నోటితోనే బయటపెట్టే కారణం ఒకటుంది: ఆమె వితంతువుగానే చనిపోతే సంపద తనకు దక్కుతుందని ఆశపడ్డాడు. పరువు అనే మాటను గీకితే కింద ఆస్తి కనిపిస్తుంది. ఈ రోజు తెలుగు నేల మీద పరువు హత్య అని పత్రికల్లో చదివిన ప్రతిసారీ ఈ గీకే పని చేయాలి.

ఈ రాణి పరిపాలకురాలు. అధికారం ఆమె పేరు మీదే ఉంది. అయినా తన శరీరం మీద అధికారం ఆమెది కాకపోయింది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం తర్వాత మన తండాలు, గూడేలు ఎన్నో గ్రామ పంచాయతీలయ్యాయి. సగం స్థానాలు మహిళలవి. మంచిదే, కొట్లాడి తెచ్చుకున్నదే. ఇంకా ఎన్నిచోట్ల కుర్చీ పక్కన సర్పంచ్ భర్త కూర్చుంటున్నాడో మనకు తెలుసు. పేరు ఆమెది, మాట అతనిది. మాల్ఫీ రాణి సమస్యకు ఇది మన ఊరి పేరు.

వెబ్‌స్టర్ చేసిన మంచిపని ఏమిటంటే చావు ముందు ఆమెను కుంగిపోనివ్వలేదు. ఎంత హింసించినా తన హోదాను, తన పేరును ఆమె వదులుకోదు. నాలుగో అంకంలో ఆమె చచ్చిపోతుంది, నాటకం ఇంకో అంకం నడుస్తుంది. ఆ అంకంలో ఆమె గొంతు సమాధి దగ్గర ప్రతిధ్వనిగా వస్తుంది. చంపించిన అన్నకు మతి పోతుంది, తోడేలునని అనుకుంటూ తిరుగుతాడు. ఆమె లేని లోకం నిలవదని నాటకం ఒప్పుకుంటుంది, కాని ఒప్పుకోవడానికి ముందు ఆమెను చంపుతుంది. ఆ కాలపు విషాద నాటకం సానుభూతికి హద్దు అది.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు రాయలేదా? రాశారు. ఎలిజబెత్ కేరీ రాసిన 'మరియం విషాదగాథ' 1613లో అచ్చయింది. ఇంగ్లీషులో ఒక స్త్రీ సొంతంగా రాసిన మొదటి విషాద నాటకంగా దాన్ని లెక్కిస్తారు. అది ఆడడానికి కాక చదువుకోవడానికి రాసింది. అందులో రాణి మరియం నేరం ఏమిటంటే మనసులో ఉన్నది దాచుకోకుండా మాట్లాడడం. భర్త హెరోదు తల నరికిస్తాడు, తర్వాత ఏడుస్తాడు. పెళ్ళయిన ఆడది బహిరంగంగా మాట్లాడవచ్చా అనే ప్రశ్నను ఆ నాటకమంతా తిప్పి తిప్పి అడుగుతుంది. ఆ ప్రశ్న అడగాలని మగ రచయితలకంటే ఒక ఆడమనిషికే ఎక్కువ తోచింది. పాఠ్యప్రణాళికలు తయారుచేసేవాళ్ళు ఈ పుస్తకం పేరు గుర్తుంచుకుంటే మంచిది.

లియర్ తెలుగుకొచ్చాక

షేక్స్‌పియర్ మనకు పరాయివాడేమీ కాదు. 1870ల్లోనే వావిలాల వాసుదేవశాస్త్రి సీజరు నాటకాన్ని తెలుగు చేశాడు. అయితే ఆ నాటకాల్లోని ఆడవాళ్ళు తెలుగులోకి వచ్చేసరికి ఏమయ్యారో చూడాలంటే 1949లో కె.వి. రెడ్డి తీసిన 'గుణసుందరి కథ' సినిమా చూడాలి. కింగ్ లియర్ బీజం తీసుకుని అల్లిన జానపద కథ అది. రాజుకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దవాళ్ళిద్దరూ తండ్రిని పొగుడుతారు. చిన్నది పొగడదు.

తేడా ఎక్కడంటే చిన్నకూతురు జవాబులో. లియర్‌లో కార్డీలియా చెప్పేది లెక్క: కూతురిగా ఎంత ప్రేమ ఇవ్వాలో అంత ఇస్తాను, రేపు పెళ్ళయితే సగం భర్తకు పోతుంది, అంతా మీకే అనడం అబద్ధం. ఆమె పట్టుకున్నది సత్యాన్ని. గుణసుందరి పట్టుకున్నది పాతివ్రత్యాన్ని: ఆడదానికి పతియే సర్వస్వం. తండ్రికి కోపం వచ్చి అవిటివాడిగా కనిపించేవాడికి ఆమెను కట్టబెడతాడు. ఆమె భక్తితో సేవ చేస్తుంది, కష్టాలు గట్టెక్కుతాయి, కథ సుఖాంతం. లియర్‌లో కార్డీలియా సైన్యంతో తిరిగొచ్చి, ఓడి, చెరసాలలో ఉరికి బలవుతుంది.

సినిమా బాగుంటుంది, ఇప్పటికీ చూడవచ్చు. దాన్ని తీసిపారేయాలని మేము అనడం లేదు. కానీ బతికిన గుణసుందరికీ చచ్చిన కార్డీలియాకూ మధ్య ఎవరికి ఎక్కువ స్వేచ్ఛ దొరికిందో విద్యార్థులను అడగాలి. పితృస్వామ్యం ఆడదాన్ని చంపే కథలే చెప్పదు. ఒప్పుకున్నదానికి బహుమానం ఇచ్చే కథలు కూడా చెబుతుంది. రెండోరకం కథలను గుర్తుపట్టడమే కష్టం.

మన సమ్మక్క, మన పెద్దమనుషులు

ఇదంతా విని, మాలో ఇవన్నీ లేవు, గిరిజన స్త్రీకి స్వేచ్ఛ ఎక్కువ అనేవాళ్ళున్నారు. అందులో నిజం ఉంది. మన ఆడవాళ్ళు పొలంలో, అడవిలో, అంగట్లో సమానంగా కష్టపడ్డారు. లంబాడాల్లో ఒకప్పుడు మగపిల్లవాడి వైపువాళ్ళే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవాళ్ళు. విడిపోవడం, మళ్ళీ పెళ్ళి చేసుకోవడం మన సమాజాల్లో పెద్ద పాపం కాలేదు.

అన్నిటికన్నా గొప్ప ఆధారం సమ్మక్క. ప్రచారంలో ఉన్న ఒక కథనంలో ఆమెను పెంచిన మేడరాజు ఏలింది పొలవాస. అది మన జగిత్యాల పక్కనున్న పొలాసే అని చెప్పుకుంటారు. కోయ పెద్దలు చెప్పే కథనాలు వేరుగా కూడా ఉన్నాయి. అన్ని కథనాల్లోనూ ఉన్నది ఒకటే: కరువు కాలంలో కప్పం అడిగిన కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యంతో ఆమె తలపడింది. భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో పోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు. సమ్మక్క వెన్నుపోటు తిని చిలుకలగుట్ట వైపు నడిచిపోయింది. వెతికితే కుంకుమ భరిణె దొరికింది.

ఇంత విషాదగాథలో ఆమె శవం లేదు. డెస్డిమోనా కథ మంచం మీద శవంతో ముగిస్తే, సమ్మక్క కథ గుట్ట మీదికి నడకతో ముగుస్తుంది. నిజానికి ముగియదు. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి ఆమె తిరిగి గద్దె మీదికి వస్తుంది, జిల్లా పోలీసు అధికారి తుపాకి గాలిలోకి పేల్చి స్వాగతం పలుకుతాడు. ఆమె శీలం గురించి ఏ కథనమూ ప్రశ్న వేయదు. ఆమె చచ్చింది నింద వల్ల కాదు, పోరాటం వల్ల. ఆడదాని విషాదాన్ని ఇలా కూడా ఊహించవచ్చని మన పూర్వీకులు చూపించారు. ఏ కళాశాలలో అయినా డెస్డిమోనా పక్కన సమ్మక్కను పెట్టి పాఠం చెప్పవచ్చు.

ఇక రెండో సగం కూడా చెప్పాలి. సమ్మక్కను గద్దె మీదికి తెచ్చే మన ఇళ్ళలో పంచాయితీ గద్దె మీద ఆడమనిషి ఎందుకు లేదు? తండాలో నాయక్ మగవాడు, కార్‌భారీ మగవాడు. గూడెంలో పట్లా మగవాడు, వడ్డె మగవాడు. ఆడపిల్ల విషయమే పంచాయితీకి వస్తే ఆమె దూరంగా నిలబడుతుంది, ఆమె తరఫున తండ్రో అన్నో మాట్లాడతాడు. తప్పు ఎంత కట్టాలో మగవాళ్ళు తేలుస్తారు. వెనిస్ సభ కనీసం డెస్డిమోనాను పిలిచి అడిగింది. ఓలి పోయి వరకట్నం వచ్చింది. మైదానంలో పెద్దకులాల నుంచి మనం చదువు తెచ్చుకున్నాం, కొలువు తెచ్చుకున్నాం, వాటితోపాటు కట్నాన్నీ ఆడపిల్ల భారమన్న మాటనూ మోసుకొచ్చాం. ఇది బయటినుంచి వచ్చిన రోగం అనడం నిజమే. ఇంట్లో పెట్టుకున్నది మనమే అనడం కూడా నిజమే.

తరగతి గదిలో ఏం చేయాలి?

ఉపాధ్యాయ మిత్రులకు మేము చెప్పేది కష్టమైన పనేమీ కాదు. ఒథెల్లో పాఠం చెప్పేటప్పుడు మొదటి అంకం సభనూ అయిదో అంకం పడకగదినీ పక్కపక్కన పెట్టి చదివించండి. ఎవరు ఫిర్యాదు చేశారు, సాక్షి ఎవరు, ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు, తీర్పు వల్ల ఎవరికి ఏం దక్కింది? ఈ అయిదు ప్రశ్నలు బోర్డు మీద రాయండి. తర్వాత ఇవే ప్రశ్నలతో విద్యార్థులు తమ ఊళ్ళో విన్న ఒక పంచాయితీ గురించి, పేర్లు లేకుండా, రాయమనండి. ఇంగ్లీషులో రాయలేకపోతే తెలుగులో, తెలుగులో రాయలేకపోతే లంబాడీలో, కోయలో, ఎరుకలలో చెప్పమనండి. నాటకం ఆడిస్తే డెస్డిమోనా వేషం అమ్మాయికే ఇవ్వండి, ఎమీలియా మాటలు కత్తిరించకండి. వేదిక మీద ఎమీలియా చెప్పిన మాట ఇంట్లో తానూ చెప్పవచ్చని ఏ ఒక్క పిల్లకు తోచినా ఆ ఏడు పాఠం అయినట్టే.

యువకులకు ఒక మాట. మనల్ని అవమానించే లోకం మీద కోపం పెట్టుకోండి, అది కావాలి. ఆ కోపం ఇంటి గడప దాటి లోపలికి వచ్చినప్పుడు ఎవరి మీద పడుతుందో చూసుకోండి. ఎవరైనా చెవిలో ఒక మాట వేసి ఆగినప్పుడు, మిగతా కథ మీరు అల్లకండి. ఆమెను పిలిపించి, కూర్చోబెట్టి అడగండి. ఒథెల్లో తన కోసం కోరుకున్న న్యాయం అంతే, భార్యకు ఇవ్వనిదీ అంతే.

యువతులకు చెప్పవలసిందేమీ లేదు, వినవలసిందే ఉంది. పంచాయితీలో చాప పరిచినప్పుడు మీకూ చోటు అడగండి. సమ్మక్క ఎవరి అనుమతీ అడగలేదని పెద్దలకు గుర్తుచేయండి. ఆ చాప మీద మీ మాట పడిన రోజున వచ్చే తీర్పును మేము రాసుకుంటాం.